పెళ్ళికొడుకు గ్లాసెత్తి ఏం చెప్పాలి

చొఖతౌరి, గురియా
1974 ఆగస్టు 11

ఎర్మిలే మామయ్యకు,

ఎలిజ్బార్ నమస్కారాలు. నేను క్షేమం. అమ్మ పంపిన ఎండు పీచ్ పళ్ళు అందాయి. సగం హాస్టల్‌వాళ్ళు తినేశారు, మిగతా సగం పరుపు కింద దాచాను. అమ్మకు ఈ సంగతి చెప్పకండి, పరుపు ఉతికించావా అని అడుగుతుంది.

విషయం ఏమిటంటే నేను పెళ్ళి చేసుకోబోతున్నాను. అమ్మాయి పేరు మక్వాలా. కొండ మీది ఊళ్ళో బడిపిల్లలకు లెక్కలు చెబుతుంది. పిల్లల్ని మా టీ ఫ్యాక్టరీ చూపించడానికి తీసుకొచ్చి, ఆకు ఆరబెట్టే యంత్రం ఎలా తిరుగుతుందని అడిగింది. మీరు నమ్మరు, అరగంట చెప్పాను. పుట్టిన దగ్గర్నుంచి నేను అంతసేపు మాట్లాడటం అదే మొదలు.

అసలు చిక్కు ఇక్కడుంది. సెప్టెంబరు ఒకటి ఆదివారం వాళ్ళింట్లో మాట పుచ్చుకునే విందు. బల్లకు పెద్ద, అంటే తమదా, వాళ్ళ తాతగారే. ఎనభై మూడేళ్ళు. ఎవరు ఎప్పుడు లేవాలో, ఎవరి పేరు మీద గ్లాసెత్తాలో అన్నీ ఆయన చేతిలోనే. "మా ఇంటి పిల్ల కావాలంటే మా బల్ల దగ్గర లేచి మాట్లాడాలి. గ్లాసు పట్టుకుని గోడకేసి చూసేవాడికి పిల్లనివ్వను" అన్నారట.

నా సంగతి మీకు తెలుసు. నలుగురి ముందు నిలబడితే నాలుక అంగిట్లో అతుక్కుంటుంది. పైగా ఈ గురియావాళ్ళ మాట కుట్టుమిషన్ నడిచినట్టుంటుంది. నేను నోరు తెరిచేలోపు వాళ్ళే అడిగి, వాళ్ళే జవాబు చెప్పుకుని, నవ్వుకుని, ఇంకో విషయంలోకి వెళ్ళిపోతారు. మీరు మూడు వందల పెళ్ళిళ్ళకు తమదా. నాకో మాట రాసి పంపండి. బట్టీ కొడతాను.

మీ మేనల్లుడు
ఎలిజ్బార్

వేజిని, కఖేతి
ఆగస్టు 19

ఒరేయ్ ఎలిజ్బార్,

శతాయుష్మంతుడివై ఉండు. ఉత్తరం చదివి మీ అమ్మ మొదట ఏడ్చింది, తర్వాత నవ్వింది, ఆ తర్వాత పరుపు సంగతి అడిగింది. నేనేం చెప్పలేదు. గట్టిగా చదువుతున్నాను కదా, ఆవిడే వినేసింది.

మూడు వందలు కాదు, మూడు వందల పద్నాలుగు పెళ్ళిళ్ళు. సరిగ్గా విను. విందుకు ముందు ఒక్క చుక్క ముట్టకు, కడుపు నిండా రొట్టె తిను. గ్లాసు గుండె ఎత్తున పట్టుకో. గడ్డం దగ్గర పట్టుకుంటే తొందరపడుతున్నావనుకుంటారు, బొడ్డు దగ్గర పట్టుకుంటే భయపడుతున్నావనుకుంటారు. పిల్లను చూస్తూ మాట్లాడకు, ముసలమ్మలను చూస్తూ మాట్లాడు. పిల్ల ఎటూ నీదే, ఓట్లు ముసలమ్మలవి. అత్తగారి మీద హాస్యం వద్దు. బీరుతో మాత్రం ఎవరికీ మంచి జరగాలని అనకు. మన దేశంలో బీరు గ్లాసు ఎత్తేది గిట్టనివాళ్ళ పేరు మీద.

అన్నిటికన్నా ముఖ్యం, మాట తిన్నగా చెప్పకూడదు. తిన్నగా చెప్పేది పోలీసు రిపోర్టు. మాట తీగలా చుట్టూ తిరిగి, పందిరంతా అల్లుకుని, చివరికి గుత్తి చూపించాలి.

వేరే కాగితం మీద ఒకటి రాసి పెట్టాను. ఎప్పుడో కుర్రతనంలో కట్టింది. ఒకే ఒక్కసారి వాడాను. నా దగ్గరున్న వాటిల్లో అంతకు మించింది లేదు. ఒక్క పదం కూడా మార్చకు.

ఇంతకీ ఏ ఊరు, ఎవరిల్లు? రాయనే లేదు. గురియా నాకు కొత్త కాదు, ద్రాక్ష తీగలకు అంట్లు కట్టడం నేర్పమని ఒకసారి అటు పంపించారు. ఇక్కడ ద్రాక్ష రంగు తిరుగుతోంది. పక్కింటి గిగో ఈ ఏడు కూడా తన తోటే ముందు పండిందని అబద్ధాలాడుతున్నాడు. కోతలయ్యాక మనింట్లో జరిగే పెళ్ళికి తమదాను నేనే. ఆ మాట ఊరంతా చెప్పేశాను.

దీవెనలతో
నీ మామయ్య ఎర్మిలే

చొఖతౌరి
సెప్టెంబరు 3

మామయ్యా,

మీరు బాగున్నారని తలుస్తాను. నేను బాగాలేను.

గ్లాసు గుండె ఎత్తునే పట్టుకున్నాను. ముసలమ్మలనే చూశాను. ఒక్క పదం మార్చలేదు. "నేను మీ పెరట్లోకి కత్తి పట్టుకుని వచ్చినవాణ్ణి" అని మొదలుపెట్టగానే మక్వాలా వాళ్ళన్నయ్య పక్కవాడితో "వీడు టీ ఫ్యాక్టరీ మెకానిక్కు కదా, కత్తి దేనికి?" అన్నాడు. నేను ఆగలేదు. "తీగ కోయడం తెలుసు, కోసిన తీగను ఇంకో మొదలుకు కట్టడం తెలుసు. మూడు వారాలుగా కడుతున్నాను. ఇవాళ చూసుకుంటే కోత నాకే పడింది. ఇక నన్ను ఏ మొదలుకు కడతారో మీ దయ" అని పూర్తి చేశాను. మామయ్యా, తడబడకుండా చెప్పాను.

ఎవరూ గ్లాసెత్తి జయమస్తు అన్నట్టు "గౌమార్జోస్" అనలేదు. అందరూ తాతగారి వైపు చూస్తున్నారు, ఆయన నన్ను చూస్తున్నారు. మక్వాలా మేనత్త పెలాగియా అని ఒకావిడ ఉన్నారు. వేడివేడి జున్ను రొట్టె పళ్ళెం తెస్తూ గుమ్మంలో ఆగిపోయారు. పళ్ళెం తీసుకెళ్ళి తాతగారి ఒళ్ళో పెట్టి, వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. తాతగారికి కాలిన సంగతి కూడా తెలియలేదు.

"ఈ మాట నీకు ఎవరిచ్చారు?" అన్నారు.

"మా మామయ్య. వేజిని ఊరు, ఎర్మిలే" అన్నాను గర్వంగా.

ఆయన లేచి నన్ను కౌగిలించుకుని రెండు బుగ్గల మీదా ముద్దుపెట్టుకున్నారు. "నా తమ్ముడి మేనల్లుడివా" అని కన్నీళ్ళు పెట్టుకున్నారు. తర్వాత కూర్చుని కాసేపు ఏదో లెక్కపెట్టుకున్నారు. మొహం మారిపోయింది. "ఎర్మిలే, నేను వెండి గీకిన వైన్ తాగి ప్రమాణం చేసుకున్నాం. అన్నదమ్ములం. నువ్వు వాడి మేనల్లుడివైతే నాకూ మేనల్లుడివే. నా మనవరాలికి తండ్రి వరస అవుతావు. మన ఆచారంలో చుట్టరికం ఉంటే ఏడు తరాల దాకా పెళ్ళి పనికిరాదు. కూర్చో నాయనా, భోంచెయ్యి. పెళ్ళి మాట మాత్రం ఇంకెత్తకు" అన్నారు.

సగం మంది హాస్యమనుకుని నవ్వారు. ఇక్కడ ఎవరు ఎప్పుడు హాస్యమాడుతున్నారో తెలియదు. ఆయన ఆడటం లేదు.

మక్వాలా వీధి గేటు దాకా వచ్చింది. "ముందు మీ మామయ్య సంగతి తేల్చుకుని రా. మా అత్తయ్య ఇంకా తలుపు తీయలేదు" అంది. మామయ్యా, ఆవిడకు మీరేం అన్యాయం చేశారు? ఈ ప్రమాణం ఏమిటి? నాకెందుకు చెప్పలేదు?

ఎలిజ్బార్

వేజిని
సెప్టెంబరు 9

ఎలిజ్బార్,

కోతలు మొదలయ్యాయి, తీరిక లేదు. చెయ్యి నొప్పి, ఎక్కువ రాయలేను.

గురియాలో ఎర్మిలేలు చాలామంది ఉంటారు. ఆ పెద్దాయనకు వయసు మీద పడింది, ఎవరినో చూసి ఎవరో అనుకుని ఉంటాడు. వెండి గాలికి నల్లబడినట్టు మనుషుల జ్ఞాపకాలు కూడా నల్లబడతాయి. విందులో బీరు గానీ పోశారా?

నా సలహా, మీరిద్దరూ త్బిలీసీ వెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టేయండి. మిగతాది తర్వాత చూద్దాం.

పెలాగియా అనే ఆవిడ భర్తతో, పిల్లలతో చల్లగా ఉందనుకుంటాను. ఆవిడకు నేను తెలియను కాబట్టి నమస్కారాలు చెప్పకు.

ఎర్మిలే

చొఖతౌరి
సెప్టెంబరు 15

మామయ్యా,

మీరు పంపింది జవాబు కాదు. మూడు వందల పద్నాలుగు పెళ్ళిళ్ళలో మాట్లాడిన మనిషికి నా ఒక్క పెళ్ళి దగ్గర చెయ్యి నొప్పి పుట్టిందా?

ఆవిడకు భర్తా లేడు, పిల్లలూ లేరు. ఊళ్ళో మందుల షాపు నడుపుతారు. నేను దగ్గు మందు కొనే నెపంతో వెళ్ళాను. "దగ్గు వస్తోందా?" అన్నారు. "లేదండీ" అన్నాను. "మరి మందెందుకు?" అన్నారు. నేను గోడ మీది ధరల పట్టీ చదవసాగాను. "మీ మామయ్య నోట్లోంచి ఊడిపడలేదు నువ్వు, అదే మంచిది" అని ఊరికే రెండు బిళ్ళలు చేతిలో పెట్టారు.

మక్వాలా త్బిలీసీ రానంది. "దొంగతనంగా పెళ్ళి చేసుకుంటే మా తాతయ్య చచ్చిపోడు. ఇంకో పదేళ్ళు బతికి రోజూ అదే చెబుతాడు" అంది. ఎటూ తేలేదాకా నేను కొండెక్కకూడదని తాతగారు కబురు చేశారు. దగ్గు మందు దారి కూడా మూసుకుపోయింది. సాయంత్రం పని అయ్యాక ఆ ఆకు యంత్రం ముందే కూర్చుంటున్నాను. ఆ శబ్దంలో ఎవరూ నన్ను పలకరించరు.

మీరు నిజం రాయకపోతే ఈ పెళ్ళి కాదు. ఇంకో పెళ్ళి నేను చేసుకోను.

ఎలిజ్బార్

వేజిని
సెప్టెంబరు 22

నాయనా ఎలిజ్బార్,

ఈ ఉత్తరం ఎవరికీ చూపించకు. మీ అమ్మకు కూడా తెలియదు.

1949 వసంతంలో నన్ను ఆ కొండ మీది ఊరికి పంపారు. ఇరవై ఎనిమిదేళ్ళు నాకు. సెవెరియన్ గారింట్లో, అంటే మక్వాలా తాతగారింట్లో, బస. పొద్దున్నే తోటలో అంట్లు కట్టేవాణ్ణి, ఆయన కూతురు పెలాగియా తడి గుడ్డపీలికలు అందించేది. నేను పది మాటలు మాట్లాడితే ఒకటి మాట్లాడేది. ఆ ఒక్కటి నా పదింటినీ కోసి పారేసేది. మూడు వారాలు అలా గడిచాయి. వెళ్ళిపోయే ముందురోజు విందు. ఆ బల్ల దగ్గర లేచి పిల్లను అడగాలనుకున్నాను. ఆవిడకు తెలుసు. "రేపు చెప్తావుగా" అంది. "చెప్తాను" అన్నాను.

నీకు పంపింది ఆ రోజు చెప్పిన మాటే. రెండు రాత్రులు కట్టాను. నా ఉద్దేశం ఏమిటో నీకూ తెలిసే ఉంటుంది, కోసిన తీగ నేను, మొదలు పెలాగియా. కానీ ఆవిడ పేరు ఎక్కడా లేదు. పేరు పెట్టి చెప్తే నాటుగా ఉంటుందనుకున్నాను. "నన్ను ఏ మొదలుకు కడతారో మీ దయ" అనగానే సెవెరియన్ గారు బల్ల గుద్ది లేచారు. "నా మొదలుకే కడతా. ఇవాళ్టి నుంచి నువ్వు నా తమ్ముడివి" అన్నారు. నాకంటే ముప్ఫయ్యేళ్ళు పెద్ద. వెండి తెమ్మని కేకేశారు, వెండి గీకిన వైన్ తాగితేనే అన్నదమ్ముల ప్రమాణం చెల్లుతుంది. వంటింట్లోంచి చెంచా ఏదో వచ్చింది. మొలలో బాకు తీసి ఆ చెంచాను గ్లాసులోకి గీకారు. ఇద్దరం చేతులు మెలేసుకుని తాగాం. బల్లంతా చప్పట్లు. నేను అప్పటికీ మాట్లాడుతూనే ఉన్నాను, ఆయన పూర్వీకుల మీద, ఊరి మీద, వాన మీద. ఆగితే ఏం జరిగిందో అర్థమవుతుందని భయం.

తెల్లారి ఆవిడ బస్సు దగ్గరకు వచ్చింది. "వెళ్ళొస్తావా, బాబాయ్?" అంది. నవ్వుతూ అందో ఏడుస్తూ అందో నేను చూడలేదు.

మరుసటి ఏడు ఉత్తరం రాశాను. "పెలాగియా బతూమీలో ఒకరింటికి వెళ్ళిపోయింది" అని సెవెరియన్ గారి జవాబు. పెళ్ళయిందనుకున్నాను. ఇంకెప్పుడూ రాయలేదు. పెళ్ళి చేసుకోలేదు, ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళలో మాట్లాడాను. వినేవాళ్ళు బాగానే ఉండేవారు.

నా నోటితో నా ఇల్లు కూల్చుకున్నాను. ఇప్పుడు నీది కూడా. నన్ను తిట్టు.

ఎర్మిలే

చొఖతౌరి
అక్టోబరు 2

మామయ్యా,

మీరు చూపించవద్దన్న ఉత్తరాన్ని, మక్వాలా కొండ దిగి వచ్చినప్పుడు ఆమెకు చూపించాను. ఆమె దాన్ని మందుల షాపు బల్ల మీద పెట్టి వాళ్ళ మేనత్తకు గట్టిగా చదివింది. ఇద్దరు ముసలమ్మలు, ఒక పాల వ్యాను డ్రైవరు కూడా విన్నారట. ఇప్పుడు కొండ పైనా కిందా అందరికీ తెలుసు. తప్పు నాదే.

పెలాగియా గారు బతూమీ వెళ్ళింది మందుల చదువుకు. ఒకరింటికి అంటే వాళ్ళ పిన్ని ఇంటికి, అక్కడ ఉండి చదువుకున్నారు. గుడ్డపీలికల మాట వచ్చిన చోట ఆవిడ సీసాలు సర్దుతూ ఉన్నారట. వాన మీద కూడా గ్లాసెత్తారన్న చోట మాత్రం కౌంటరు మీద తల పెట్టుకుని నవ్వారట. నవ్వడం అయ్యాక మక్వాలా చెవిలో ఏదో చెప్పారు. అదేమిటో నాకు చెప్పలేదు. "ఆ మాట తాతయ్య ముందే చెప్తుంది, అది కూడా మీ మామయ్య ఎదురుగా కూర్చుంటేనే" అంది మక్వాలా.

ఇంకో మాట కూడా కబురు చేశారు. "నేను పాతికేళ్ళు గుమ్మంలో నిలబడి ఎదురుచూశానని అతనికి రాయకు. ఇద్దరు అడగడానికి వచ్చారు, నచ్చలేదు. మందుల షాపు ఉంది, తేనెపెట్టెలున్నాయి. బాగానే ఉన్నాను" అన్నారు.

కోతలవగానే రండి. చేతిలో గ్లాసు లేకుండా రమ్మన్నారు.

మీ
ఎలిజ్బార్

సెవెరియన్ గారి వసారా
అక్టోబరు 21

ఒరేయ్ మేనల్లుడా,

ఈ ఉత్తరం బస్సు డ్రైవరు చేత పంపుతున్నాను. అందగానే కొండెక్కు, నీ నిషేధం ఎత్తేశారు.

నిన్న బల్ల దగ్గర కూర్చున్నాం. సెవెరియన్ గారు నన్ను కుడి పక్కన కూర్చోబెట్టుకుని "తమ్ముడూ, పాతికేళ్ళు మొహం చూపించలేదు" అని భుజం మీద కొట్టారు. ముసలాయన చెయ్యి ఇంకా గట్టిదే. నేను లేచి క్షమాపణ మొదలుపెట్టాను. "సూర్యుడు పర్వతాల వెనక..." అన్నానో లేదో పెలాగియా "కూర్చో" అంది. కూర్చున్నాను.

నలభై ఏడేళ్ళు ఆవిడకు. కళ్ళజోడు వచ్చింది. మిగతా ఏమీ మారలేదు.

ఆవిడ సొరుగులోంచి ఒక చెంచా తీసి తండ్రి ముందు పెట్టింది. "నాన్నా, ఆ రోజు నువ్వు వెండి తెమ్మన్నావు. నేను తెచ్చింది ఇది. సత్తు చెంచా. ఇదిగో నీ బాకు గీతలు" అంది.

సెవెరియన్ గారు చెంచాను కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి చూశారు. పంటితో కొరికి చూశారు. "సత్తే" అన్నారు.

"వెండి చెంచా పక్కనే ఉంది. నువ్వు ఇతన్ని నాకు బాబాయిని చేసేస్తున్నావు. నాకు ఇంకేం తోచలేదు" అంది ఆవిడ. తర్వాత నా వైపు తిరిగింది. "నీ చేతిలోనే పెట్టాను. నీ వేళ్ళు తగిలాయి కూడా. నువ్వు మా పూర్వీకుల గురించి మాట్లాడుతున్నావు, చూడలేదు."

ఒరేయ్, ఇంతమంది ముందు ఇంత కాలం మాట్లాడినవాణ్ణి, నాకు ఒక్క మాట కూడా రాలేదు. నోరు తెరిచి మూశాను. ఆవిడ నన్ను చూసి "ఇలాగే బాగున్నావు" అంది.

సెవెరియన్ గారు చాలాసేపు చెంచాను తిప్పుతూ కూర్చున్నారు. "అయితే నేను పాతికేళ్ళు లేని తమ్ముడి మీద అలిగానన్నమాట" అన్నారు. ఆయన కళ్ళు తడిగానే ఉన్నాయి, అది నేను చూశాను. తర్వాత కుట్టుమిషన్ మొదలైంది. "ప్రమాణం చెల్లదు. వీడు నాకేమీ కాడు. వీడి మేనల్లుడు అసలే కాడు. పిల్లను ఇస్తాను. కానీ నా గ్లాసులో సత్తు తాగించినందుకు అపరాధం కట్టాలి" అన్నారు.

అపరాధం ఏమిటో విను. ఇక్కడ ద్రాక్ష మన దగ్గరలా నడుమెత్తున పాకదు. చెట్ల మీదికి, ఇంటి కప్పు కన్నా ఎత్తుకు ఎక్కుతుంది. కోతలు నవంబరులో. ఆ చెట్లన్నీ నేనే ఎక్కి కోయాలట. యాభై మూడేళ్ళ వయసులో, వీపున పొడవాటి బుట్ట కట్టుకుని. ఆయన కింద కుర్చీ వేసుకుని కూర్చుని ఏ గుత్తి వదిలేశానో చెబుతారట. అందుచేత నవంబరు పదిన మనూళ్ళో జరిగే నీ పెళ్ళికి నేను రాలేను. గిగోను తమదాగా పెట్టుకోండి. ఈ మాట రాయడానికి నా ప్రాణం ఎంత విలవిల్లాడిందో నాకు తెలుసు.

నేను లేననే అదనుగా వాడు నిన్ను లేపి మాట్లాడమంటాడు. నేను పంపిన కాగితం పొయ్యిలో వెయ్యి. గ్లాసు ఎక్కడ పట్టుకున్నా ఫరవాలేదు. ముసలమ్మలను చూడకు, పిల్లను చూడు. పేరు పెట్టి పిలువు. చెప్పాల్సింది చెప్పు. కూర్చో.

నీ మామయ్య

తా.క. పెలాగియాను ఇంకా అడగలేదు. అడగాలంటే కూర్చునే అడగాలి, కూర్చుంటే నాకు గొంతు రావడం లేదు.

వేజిని
నవంబరు 14

మామయ్యకు, నమస్కారాలు.

పెళ్ళయింది. మీరు లేరని అమ్మ బాధపడింది. మీరు చెట్టెక్కారని చెప్తే "మా తమ్ముడు మంచం ఎక్కడానికే ఆయాసపడతాడు" అని నమ్మలేదు. పరుపు గురించి మక్వాలాతో కూడా మాట్లాడింది.

గిగో బాబాయి మీరన్నట్టే చేశాడు. వేటమాంసం వడ్డించి అందరి నోళ్ళూ నిండాక "గొప్ప తమదా మేనల్లుడు, మామ లోటు తీర్చాలి" అని నన్ను లేపాడు. నూట అరవై మంది. చెంచాల చప్పుడు ఆగిపోయింది. ఎప్పటిలాగే నాలుక అతుక్కుంది. మక్వాలాను చూశాను.

"మక్వాలా, నువ్వు పక్కన ఉంటే నాకు భయం తగ్గుతుంది. రేపు కూడా ఉంటావు. అందుకు సంతోషంగా ఉంది" అన్నాను. కూర్చున్నాను.

అందరూ ఎదురుచూస్తున్నారు. గిగో బాబాయి "ఆ తర్వాత?" అన్నాడు. "అంతే" అన్నాను. ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. చివర కూర్చున్న ఒక ముసలాయన "ఎర్మిలే అయితే ఈపాటికి ఇంకా జలప్రళయంలో నోవా పడవ దగ్గరే ఉండేవాడు" అని గ్లాసు ఎత్తాడు. అప్పుడు అందరూ లేచారు. మక్వాలా బల్ల కింద నా చెయ్యి పట్టుకుని "మూడు వాక్యాలు. తప్పుల్లేవు" అంది, పిల్లల పలకలు దిద్దినట్టు.

గిగో బాబాయి తర్వాత రెండు గంటలు మాట్లాడాడు. ఎవరి పెళ్ళో మధ్యలో మరిచిపోయాడు. ఊరివాళ్ళు మీ కోసం బెంగపెట్టుకున్నారు, అది మాత్రం నిజం.

మీరు అడిగారా?

ఎలిజ్బార్, మక్వాలా

కొండ మీద ఊరు
నవంబరు 24

పిల్లలిద్దరికీ,

చల్లగా ఉండండి. చివరి చెట్టు నిన్న అయింది. కాళ్ళు నావి కావు, నడుము ఎవరిదో తెలియదు.

ఆ చెట్టు మీద ఉన్నప్పుడే అడిగాను. కూర్చునే, కొమ్మ మీద. సెవెరియన్ గారు కుర్చీలో కునుకు తీస్తున్నారు, నిచ్చెన పెలాగియా పట్టుకుంది. కిందికి చూస్తే కళ్ళు తిరిగాయి. అలంకారాలు గుర్తుచేసుకునే స్థితిలో లేను.

"పెలాగియా, నన్ను పెళ్ళి చేసుకుంటావా?" అన్నాను.

ఆవిడ తలెత్తి చూసింది. "నీ ఎడమ పక్క ఇంకో గుత్తి ఉంది. అది కూడా కోసుకుని దిగు" అంది.

కోశాను. దిగాను. నిచ్చెన చివరి మెట్టు దాకా ఆవిడ చెయ్యి తియ్యలేదు.

పెళ్ళి జనవరిలో. తమదా లేడు. సెవెరియన్ గారు తానుంటానని అడిగితే పెలాగియా వద్దంది.

ఎర్మిలే